మధ్యాహ్నం చేరిన బగారా అన్నం

"ఇయ్యాల నాది పంపినవా చెల్లె?" అని ఆపా మొదటిసారి అడిగినప్పుడు నేను చపాతీలు కాలుస్తున్నాను. పంపానని తల తిప్పకుండానే జవాబు చెప్పాను. రోజూ మేమిద్దరం అనుకునే సవాలక్ష మాటల్లో అదీ ఒకటి అనుకున్నాను. మరునాడు మళ్ళీ అడిగింది. ఆ తర్వాత రోజూ అడగడం మొదలుపెట్టింది. నాలుగైదు రోజులు పోయాక గానీ, ఆమె అడుగుతున్నప్పుడు నా మొహం వైపు కాకుండా నా ఫోన్ వైపు చూస్తోందని నేను గమనించలేదు.

మా ఇల్లు పురానాపూల్ దగ్గర ఒక సన్నటి గల్లీలో ఉంది. ఆపా ఇల్లూ మా ఇల్లూ ఒకప్పుడు ఒకటేనట. ఎవరో అన్నదమ్ములు పంచుకుని మధ్యలో గోడ లేపారు. సున్నంతో కట్టిన పాత ఇల్లు కాబట్టి గోడలు మూరెడు మందం ఉంటాయి. ఎండాకాలం చల్లగా ఉంటుంది, వానాకాలం చెమ్మ వాసన వేస్తుంది. వెనక వాకిట్లో గోడకు ఒక చిన్న తలుపు మిగిలిపోయింది. ఆ తలుపులోంచే కొత్తిమీర కట్టలూ, పెరుగు గిన్నెలూ, గ్యాస్ అయిపోయిన రోజున సిలిండరూ అటూ ఇటూ పోతుండేవి. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మా అత్తగారు ఆమెను చూపించి, అక్క వరస, ఆపా అని పిలువు అన్నారు. ఆనాటి నుంచి నాకు ఆమె ఆపానే, ఆమెకు నేను చెల్లెనే.

నయాపూల్ కోర్టులో గుమాస్తాలకూ, వకీళ్ళ దగ్గర టైపు కొట్టేవాళ్ళకూ, స్టాంపు కాగితాలు అమ్మేవాళ్ళకూ మధ్యాహ్నం భోజనం డబ్బాలు పంపడం మా పని. పప్పుచారు, పచ్చిపులుసు, బెండకాయ వేపుడు, చపాతీలు నావి. మసాలా దినుసులతో వండే బగారా అన్నం, మాంసం వేసిన పప్పు దాల్చా, ఖీమా, టమాటా పులుసు లాంటి కట్ ఆమెవి. మాంసం వద్దనేవాళ్ళు నాది తీసుకుంటారు, కావాలనేవాళ్ళు ఆమెది తీసుకుంటారు, గురువారం శనివారం కొందరు అటునుంచి ఇటు వస్తారు. రెండిళ్ళ డబ్బాలనూ ఆపా భర్తే స్కూటర్ మీద తీసుకుపోయేవాడు. ఆయన్ని నేను భాయ్ అంటాను. ఇదివరకు ఆటో నడిపేవాడు, నడుము పట్టేయడంతో మానేశాడు. ఎవరి డబ్బాల లెక్క వాళ్ళదే, స్కూటర్ ఖర్చు మాత్రం ఉమ్మడి.

మొదట్లో ఆ రోజు ఏం వండుతున్నామో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పేదాన్ని. సగం మంది ఎత్తేవాళ్ళు కాదు. అప్పుడు మా ఆయన నా ఫోన్‌లో, మెసేజ్‌లు పంపుకునే యాప్‌లో అందరి నంబర్లూ వేసి ఒక లిస్టు చేసిపెట్టాడు. ఒకసారి రాసి నొక్కితే అందరికీ విడివిడిగా చేరుతుంది, దీన్ని బ్రాడ్‌కాస్ట్ అంటారు అని చెప్పాడు. గ్రూపు పెడితే ఒకరు రాసింది అందరూ చదువుతారు, కోర్టువాళ్ళు కనక బెండకాయ మీద కూడా వాదనలు పెట్టుకుంటారు. ఇదైతే ఎవరి జవాబు వాళ్ళు నాకొక్కదానికే పంపుతారు. మా ఆయన పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తాడు. చీరలు కొత్తవి దిగినప్పుడు వాళ్ళ సేటు ఇలాగే కబురు పంపుతాడట, అక్కడ చూసి నేర్చుకున్నాడు.

నా కూరల పేర్లు నేను తెలుగులో టైపు చేసి పంపేదాన్ని. ఆపాకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. పైగా ఆమెకు అక్షరాల మీద నమ్మకం లేదు. "అక్షరాలల్ల ఏమున్నది? నా బగారా రంగు చూస్తెనే ఆకలి కావాలె" అనేది. అందుకని పొద్దున్నే నేను తలుపులోంచి ఆమె వంటింట్లోకి పోయి, హండీ మూత తీయగానే ఫొటో తీసి, నా మెసేజ్ వెనకాలే అది కూడా పంపేదాన్ని. ఏళ్ళ తరబడి అలాగే జరిగింది. ఒక్క మాట తేడా రాలేదు.

ఎండలు మొదలయ్యాక ఆమె ఆర్డర్లు తగ్గాయి. ఎండలకు మాంసం తినడం తగ్గించారేమో అనుకున్నాం. కానీ ఎండలు తగ్గినా ఆర్డర్లు పెరగలేదు. ఒకరోజు బాగానే ఉండేవి, మరి మూడు రోజులు సగం కూడా వచ్చేవి కావు. మిగిలిన బగారా అన్నాన్ని ఆపా గల్లీలో పంచేది. పంచేటప్పుడు నవ్వుతూనే ఉండేది గానీ, గిన్నె కడిగే చప్పుడులో కోపం తెలిసిపోయేది. అదే సమయంలో నా డబ్బాలు నాలుగు పెరిగాయి. ఆ మాట నేనేమీ దాచలేదు. దాచడానికి కూడా లేదు, మోసుకుపోయేది ఆమె భర్తే కదా.

ఒకరోజు పొద్దున ఆపా వచ్చి, లిస్టులో భాయ్ నంబరు కూడా వేయమంది. ఏం వండుతున్నామో ఆయనకు ముందే తెలిస్తే డబ్బాలు సర్దుకోవడం తేలికవుతుందని చెప్పింది. సరే అని వేశాను. ఆమె అక్కడే నిలబడి, వేయడం పూర్తయ్యేదాకా చూసింది.

రెండు రోజుల తర్వాత సాయంత్రం మా వంటింట్లోకి వచ్చి, భాయ్ ఫోన్‌ను గట్టు మీద పెట్టింది. నన్నూ నా ఫోన్ పక్కన పెట్టమంది. ఆమె ఏం చేస్తోందో నాకు అర్థం కాలేదు. నా ఫోన్‌లో, ఆ రోజు పొద్దున ఏడింటికి నా పప్పుచారు, చిక్కుడుకాయ మెసేజ్ ఉంది. దాని కిందే బగారా ఫొటో, అదీ ఏడింటిదే, రెండు టిక్కులతో. భాయ్ ఫోన్‌లో నా మెసేజ్ ఏడింటికే ఉంది. బగారా ఫొటో మాత్రం మూడు దాటాక వచ్చినట్టుంది. ముందు రోజుదీ అంతే.

"మూడింటికి కోర్టోళ్ళు చేతులు కడుక్కొని చాయ్ తాగుతుంటరు చెల్లె. గప్పుడు నా బగారా చూసి ఏం చేస్తరు?" అంది ఆపా.

నేను ఏడింటికే పంపానని, నా ఫోన్‌లో కనబడుతూనే ఉందని అన్నాను. ఆమె రెండు ఫోన్లనూ దగ్గరికి జరిపి చూసింది. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకూ అరవడం తేలికయ్యేది.

"ఈ రెండిట్ల ఒకటి అబద్ధం చెప్తున్నది" అని, భాయ్ ఫోన్ తీసుకుని వెళ్ళిపోయింది.

నంబరు ఎందుకు వేయమందో అప్పుడు తెలిసింది. డబ్బాలు సర్దడానికి కాదు, నన్ను పట్టుకోవడానికి. ముప్పై ఏళ్ళకు దగ్గరపడుతున్న స్నేహం మాది. నా రెండో కాన్పుకు మా అమ్మ కంటే ముందు ఆసుపత్రికి వచ్చింది ఆమె. అలాంటి మనిషి నా మీద కాపలా పెట్టిందన్న బాధతో రాత్రి అన్నం సయించలేదు. మా ఆయనకు చెప్తే ఆయన ఇంకో దారి పట్టించాడు. భాయ్ ఫోన్‌లో టైము మార్చి ఉంటారన్నాడు. ఎందుకు మారుస్తారని అడిగితే, వేరుపడటానికి ఒక సాకు కావాలి కదా అన్నాడు.

"నీకు సమజ్ అయితలేదు. వాళ్ళు సొంతంగ పెట్టుకుంటున్నరు. తప్పు నీ మీద ఏసి పోతరు, చూస్తుండు."

నేను నమ్మలేదు. కానీ ఆ మాట ఒకసారి చెవిలో పడ్డాక కళ్ళు ఊరుకోవు. మరునాడు భాయ్ స్కూటర్‌కు కొత్త డబ్బాల సంచి ఒకటి వేలాడుతూ కనిపించింది, మా ఉమ్మడి సంచుల్లాంటిది కాదు. నేను వాకిట్లోకి రాగానే ఆయన ఫోన్‌లో మాట్లాడుతున్నది ఆపేసి, తర్వాత చేస్తానని పెట్టేశాడు. ఇదివరకు ఎన్నిసార్లు అలా పెట్టేశాడో నాకు గుర్తులేదు, అప్పుడు పట్టించుకోలేదు కాబట్టి. ఆ వారంలోనే వెనక వాకిటి తలుపుకు అవతలి వైపు నుంచి గడియ పడింది. పిల్లి వస్తోందని ఆపా చెప్పింది. పిల్లి ఎప్పుడూ గోడ మీంచే వస్తుంది.

ఫొటో తీయడానికి నేను ముందు గుమ్మం నుంచి చుట్టు తిరిగి పోవలసి వచ్చేది. తీసి, అక్కడే ఆమె ముందే నొక్కి, చూడమని ఫోన్ చూపించేదాన్ని. సరే అనేది. సాయంత్రం భాయ్ ఫోన్‌లో మళ్ళీ మూడో, మూడున్నరో. నేనే రాత్రి లేచి ఏమైనా చేస్తున్నానా అని నాకే అనుమానం వచ్చేంతగా అయింది.

ఇక లాభం లేదని ఫోన్ పట్టుకుని పత్తర్‌గట్టికి పోయాను. మా ఆయన దుకాణానికి ఎదురుగా మెట్ల కింద ఒక మొబైల్ రిపేరు కొట్టు ఉంది. అక్కడి మనిషికి సంగతంతా చెప్పాను. ఆయన ఫోన్ ఆపి మళ్ళీ పెట్టాడు. మెమరీ నిండిపోయిందని పాత వీడియోలు తీసేయించాడు. యాప్‌ను కొత్తది చేశాడు. ఏవో సెట్టింగులు విప్పి, నెట్ పొదుపు చేసేది ఏదైనా పెట్టి ఉందేమో చూశాడు, లేదు. చివరికి అక్కడున్న ఫ్యాన్‌కు ఫొటో తీసి తన నంబరుకు పంపాడు. రెప్ప వేసేలోగా చేరింది. ఇంకోటి పంపాడు, అదీ చేరింది. ఫోన్‌లో ఏ దోషమూ లేదని, ఊరికే భయపడకండని చెప్పి, పైసలు కూడా వద్దన్నాడు.

నేను ఎంత సంబరపడ్డానంటే, ఆటో దిగి నేరుగా ఆపా గుమ్మంలోకి పోయాను. రిపేరు అతను చూశాడనీ, ఫోన్ మంచిగానే ఉందన్నాడనీ చెప్పాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి ఆపింది.

"ఫోన్ మంచిగుంటే, మరి తప్పు ఎవరిది చెల్లె?"

 ఇంటికి వచ్చి కూర్చున్నాక గానీ నేను ఏం చేసి వచ్చానో అర్థం కాలేదు. నేరం మోయడానికి ఇన్నాళ్ళూ ఫోన్ ఒకటి ఉంది. దాన్ని నేనే తీసుకుపోయి, నిర్దోషి అని రాయించుకుని వచ్చాను.

మరునాడు పొద్దున నేను పప్పు ఎనుపుతుంటే ఆపా ముందు గుమ్మంలోంచి వచ్చింది. చేతిలో బగారా గిన్నె, పైన మూత. గిన్నెను గట్టు మీద పెట్టి, ముక్కాలి పీట లాక్కుని, నా ఎదురుగా కూర్చుంది. ఇక్కడే, తన కళ్ళ ముందు ఫొటో తీసి పంపమంది. పంపాక చేరిందా లేదా చూసేదాకా లేవనంది. పోలీసులు ఇంటికి వస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, అలాగే ఉంటుందేమో అనిపించింది. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని ఫోన్ తీశాను.

మొదట నాది పంపాను. టైపు చేసి ఉంచిందే. కాసేపు గడియారం గుర్తు చూపించి, ఆ తర్వాత టిక్కు పడింది. మూత తీసి బగారా ఫొటో కొట్టి పంపాను. ఫొటో మీద ఒక సున్నా గిర్రున తిరగడం మొదలైంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. స్టవ్ మీద చారు పొంగింది, లేచి తగ్గించి వచ్చాను. సున్నా తిరుగుతూనే ఉంది. ఇన్నాళ్ళూ నేను నొక్కి, ఫోన్ పక్కన పడేసి, చపాతీ పిండిలో చేతులు పెట్టేదాన్ని. ఆ సున్నా ఆగిందో లేదో ఒక్కరోజూ చూడలేదు. సాయంత్రం చూసేసరికి రెండు టిక్కులు ఉండేవి.

"నీది పోయింది. నాది తిరుగుతనే ఉన్నది" అంది ఆపా.

నేనేమీ చేయలేదని, తన ముందే నొక్కాను కదా అని అన్నాను. ఆమె ఫోన్ తీసుకుని, తన వేలితో తనే మళ్ళీ పంపింది. ఇంకో సున్నా. ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. లిస్టులో తన ఫొటోలు ఆగిపోయేలా నేను ఏదో పెట్టి ఉంటానని ఆమె అనుకుంటోందని నాకు తెలుసు. కోపం వచ్చింది. ఫోన్ లాక్కుని, ఎనుపుతున్న పప్పు గిన్నెకు ఒక ఫొటో తీసి పంపాను. నా పప్పు ఫొటో మీద కూడా సున్నా తిరగసాగింది.

ఆపా వంగి చూసింది. ఇప్పుడు స్క్రీన్ మీద మూడు సున్నాలు. అప్పుడు ఆమే అంది, తన వంటల పేర్లు టైపు చేసి పంపమని. బగారా, దాల్చా, ఖీమా అని తెలుగులో కొట్టి పంపాను. గడియారం గుర్తు వచ్చింది.  టిక్కు పడింది.

అక్షరాలు పోతున్నాయి, బొమ్మలు పోవడం లేదు. ఎవరివైనా సరే. నేను ఆమె మొహంలోకి చూశాను, ఇక చాలదా అన్నట్టు. చాలలేదు. ఇన్నేళ్ళూ ఇదే వంటింట్లోంచి బొమ్మలు పోయేవి కదా, ఇప్పుడు ఎందుకు పోవడం లేదు అని అడిగింది. నిన్న పత్తర్‌గట్టిలో ఎందుకు పోయాయి అని కూడా అడిగింది. అవి రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఆమె కోర్టులో ఉండవలసిన మనిషి, డబ్బాలు పంపుతూ ఇక్కడ ఉండిపోయింది.

ఫోన్ పైన సిగ్నల్ గీతలు చూశాను. ఒక్కటి ఉంది, అదీ వస్తూ పోతూ. ఈ మధ్య ఫోన్లు మాట్లాడుతుంటే మాట తెగిపోతున్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. మందం గోడలు, మొదటి నుంచీ ఇంతే అని సర్దుకుపోయాం. వాకిట్లోకి వచ్చి చూస్తే రెండు గీతలు. సున్నాలు ఇంకా తిరుగుతున్నాయి. మిద్దె మీదికి పోయి చూస్తానని నేను మెట్లెక్కాను. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా ఒక్క మెట్టు ఎక్కని ఆపా, గోడ పట్టుకుని, నా వెనకాలే వస్తోంది. ఒంటరిగా పైకి పోనిస్తే నేను ఏం చేస్తానో అని.

మిద్దె మీదికి చేరగానే నా చేతిలో ఫోన్ గుర్రుమంది. సున్నాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. బగారా రెండుసార్లు, పప్పు ఒకసారి పోయాయి. వెంటనే ఎవరో, రెండు డబ్బాలు బగారా కావాలని జవాబు పెట్టారు. నేను ఆ జవాబు ఆమెకు చూపించబోయాను. ఆమె ఫోన్ వైపు చూడటం లేదు. మిద్దెల మీదుగా, నది వైపు చూస్తోంది.

"చెల్లె, అక్కడ టవర్ ఉండాలె గదా?"

మా గల్లీ చివర ఒక మూడంతస్తుల బిల్డింగు ఉంది. దాని మీద ఎర్ర తెల్ల రంగుల సెల్ టవర్ ఒకటి మాకు తెలిసినప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు అక్కడ నాలుగు ఇనుప మొద్దులు, తెగిన నల్ల వైర్ల చుట్ట, నీళ్ళ ట్యాంకు మాత్రమే ఉన్నాయి. అంత పెద్ద టవర్ లేచిపోయినా మాకు తెలియలేదు. గల్లీలో నడిచేటప్పుడు తల పైకెత్తితే బాల్కనీలూ తీగలూ తప్ప ఏమీ కనబడవు. మిద్దె ఎక్కేది వడియాల కోసం. ఆ ఏడు ఎండల్లో నేను వడియాలు పెట్టలేదు.

భాయ్‌ను కిందినుంచి పిలిస్తే ఆయనా వచ్చాడు. చూసి ఆశ్చర్యపోయాడు. మధ్యాహ్నం విచారించుకుని వచ్చి చెప్పాడు. ఆ బిల్డింగు చేతులు మారిందట. కొత్తగా కొన్న వాళ్ళకు మిద్దె మీద టవర్ ఉండటం ఇష్టం లేక, ఎండాకాలం మొదట్లోనే తీయించేశారట. గల్లీలో చాలామందికి ఆ సంగతి తెలుసు. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగలేదు. మా అనుమానాలు ఎదుటి మనిషి మీద ఉంటే, టవర్ గురించి ఎవరిని అడుగుతాం?

అయినా ఆపాకు ఒక ముడి మిగిలింది. సరిగ్గా మూడింటికే ఎందుకు పోతున్నాయి? ఆ పొద్దున, భాయ్ విచారించడానికి పోకముందే, మిద్దె మీద నిలబడే అడిగింది. ఆ జవాబు నా నోటి నుంచే వచ్చింది. వంట ముగించి, గిన్నెలు కడుక్కుని, ఆ వేళకు నేను మీరాలం మండికి కూరగాయలకు పోతాను. ఫోన్ సంచిలో ఉంటుంది. గల్లీ దాటి రోడ్డు మీదికి రాగానే నెట్ అందుతుంది. పొద్దుటి నుంచి ఆగి ఉన్న ఫొటో అప్పుడు తనంతట తనే పోతుంది. నా ఫోన్ మాత్రం, నేను నొక్కిన వేళనే చూపిస్తుంది. చేరిన వేళ అవతలి ఫోన్‌లో పడుతుంది. రెండిట్లో ఏదీ అబద్ధం చెప్పలేదు.

 పొరపాటు పడ్డానని గానీ, ఏమీ అనుకోకని గానీ ఆపా అంటుందని చూశాను. అనలేదు. పిట్టగోడ మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంటూ, వేరే సంగతి చెప్పింది.

"నేను గూడ ఒక లిస్టు చేసిన. భాయ్ ఫోన్ల. పది రోజులైంది."

మా ఆయన చెప్పింది నిజమే అన్నమాట. కొత్త సంచి, మాటలు ఆపేయడం, అన్నీ. నాకు చెంప మీద కొట్టినట్టయింది. కానీ ఆమె ఇంకా చెప్తోంది. కోర్టువాళ్ళ నంబర్లన్నీ భాయ్ తెచ్చి వేసుకున్నాడు. రోడ్డు మీద నిలబడి ఫొటోలు పంపాడు. భాయ్ ఫోన్ నుంచి పోయినట్టే చూపిస్తుంది, ఒక్కరికీ చేరలేదు. అంటే ఇక్కడ నెట్ తప్పు కూడా కాదు. దానికి ఆమె చెప్పుకున్న కారణం ఒకటే. నేను కోర్టువాళ్ళందరికీ ఏదో చెప్పి, భాయ్ నంబరును ఆపేయించి ఉంటాను.

"గట్ల చేసినవా?" అని అడిగింది. ఈసారి నా మొహంలోకే చూస్తూ అడిగింది.

లేదన్నాను. ఎందుకు చేరలేదో నాకు తెలుసని కూడా చెప్పాను. మా లిస్టు మొదలుపెట్టిన కొత్తలో నాకూ అదే అయింది. బ్రాడ్‌కాస్ట్ పంపితే, మన నంబరును తమ ఫోన్‌లో పేరుతో దాచుకున్నవాళ్ళకే అది చేరుతుంది. దాచుకోనివాళ్ళకు రానే రాదు. అప్పట్లో మా ఆయన ఒక్కొక్కరికీ చెప్పి నా నంబరు దాచుకోమన్నాడు. భాయ్ రోజూ వాళ్ళకు డబ్బా చేతికిచ్చే మనిషే గానీ, ఆయన నంబరు వాళ్ళకు ఎందుకు? కాబట్టి ప్రతి ఒక్కరినీ అడిగి దాచుకోమనాలి అన్నాను.

ఆమె నమ్మలేదని కనబడుతూనే ఉంది. వాళ్ళందరి ముందూ చేయి చాపి, నా నంబరు పెట్టుకోండి సాబ్ అని అడిగించడానికే ఇలా చెబుతున్నానని అనుకుందో ఏమో. మెట్లు దిగేటప్పుడు నేను చేయి అందిస్తే పట్టుకుంది. కిందికి రాగానే వదిలేసింది.

భాయ్ మాత్రం అడిగి చూశాడు. మొదట ముగ్గురు నలుగురు దాచుకున్నారు. వాళ్ళకు మరునాడే ఫొటో చేరింది. అప్పుడు అందరినీ అడిగాడు. వారం పది రోజుల్లో ఆపా లిస్టు నడిచింది. ఒక సాయంత్రం ఆమె నా గుమ్మంలోకి వచ్చి, నువ్వు చెప్పినట్టే అయింది అంది.  ఒక గిన్నెలో దాల్చా తెచ్చి, మా ఆయనకు ఇష్టమని పెట్టి పోయింది.

వేరుపడ్డాం అనడానికి లేదు, కలిసి ఉన్నాం అనడానికీ లేదు. రెండు లిస్టులు అలాగే ఉన్నాయి. పొద్దున్నే మిద్దె మీదికి నేను పోతాను. ఆమె మోకాళ్ళ కోసం భాయ్ ఫోన్ కూడా నేనే తీసుకుపోయి రెండూ పంపుతాను. ఆమె వాకిట్లో నిలబడి పైకి చూస్తుంటుంది. దిగి వచ్చాక రెండు ఫోన్లూ చూపిస్తాను. అడగకముందే చూపించడం అలవాటైపోయింది. ఆర్డర్లు ఆమెవి మళ్ళీ పెరిగాయి, నాకు ఎక్కువగా వచ్చిన నాలుగు డబ్బాలు ఆమె దగ్గరికి తిరిగి పోయాయి. అది న్యాయమే అనుకున్నాను. మా ఆయన మాత్రం, మంచిగున్నది నీ న్యాయం అని నవ్వాడు.

మొన్న వానాకాలంలో ఒకరోజు పొద్దుటి నుంచి కుండపోత. మిద్దె మీద కూడా ఒక్క గీత లేదు. గొడుగు పట్టుకుని నిలబడితే రెండు ఫోన్లలోనూ సున్నాలే. భాయ్ రెయిన్‌కోటు వేసుకుని, నేనే పోయి నోటితో చెప్పి వస్తానని బయలుదేరాడు. కోర్టు గేటు దగ్గర నిలబడి, వచ్చే ప్రతి ఒక్కరికీ ఇవాళ్టి వంటలు చెప్పి, ఎవరికేం కావాలో గుర్తుపెట్టుకుని తడిసి ముద్దయి వచ్చాడు. ఆపా డబ్బాలు ఎప్పుడూ వచ్చేటన్ని వచ్చాయి. నావి నాలుగంటే నాలుగే.

మెంతికూర పప్పు చెప్పారా భాయ్, అని అడిగాను. మామూలుగా అడగాలనే అనుకున్నాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది.

ఆయన నీళ్ళు కారుతున్న టోపీ తీసి, తల తుడుచుకుంటూ ఆగాడు.

"మర్చిపోయిన చెల్లె. బగారా చెప్పిన, దాల్చా చెప్పిన. నీది పచ్చిపులుసు ఒక్కటే చెప్పిన" అని, మళ్ళీ రెయిన్‌కోటు తొడుక్కోబోయాడు. ఇంత వానలో వద్దని నేనే ఆపాను. మెంతికూర పప్పు ఆ పూట మేమే తిన్నాం, కొంత వాళ్ళింటికి పంపాను.

మర్చిపోయానన్న మాట నేను నమ్మాను. తడిసి వణుకుతున్న మనిషి అబద్ధం చెబుతున్నాడని ఎలా అనుకుంటాం? కానీ ఆయన చెబుతున్నంతసేపూ ఆపా వాళ్ళ గుమ్మంలో నిలబడి, నేను నమ్మానో లేదో అని నా మొహాన్నే చూస్తూ ఉంది.